నాలుగు గింజలు చల్లితే చాలా?

మా పిల్లల చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా వీధిలోకి సైకిల్ మీద ఒకాయన వచ్చేవాడు. వెనక రెండు వెదురు బుట్టలు, వాటి నిండా గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల కోడిపిల్లలు. ఓ ఏడాది పిల్లల పోరు పడలేక ఆరింటిని కొన్నాను. "అన్నీ పెట్టలేనమ్మా, ఆర్నెల్లు పోతే గుడ్లు ఏరుకోలేక విసుక్కుంటారు" అన్నాడు. నెల తిరక్కుండా నాలుగు పోయాయి. మిగిలిన రెండూ రంగు రాలి తెల్లగా ఎదిగాయి. ఓ తెల్లవారుజామున ఒకదాని వెంట ఒకటి కూత అందుకున్నాయి.

ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. గుడ్ల కోళ్ల హేచరీలో పుట్టే పిల్లల్లో సగం పుంజులే. అవి గుడ్డు పెట్టవు, బ్రాయిలర్లలా కండా పట్టవు. మేత దండగని మొదటి రోజే వేరుచేసి చవగ్గా వదిలించుకుంటారు. వీధుల్లో అమ్మకానికి వచ్చే రంగు పిల్లలు చాలావరకు అవే. గుడ్ల కోసం వాటిని కొంటే దక్కేది కొక్కొరొకోయే.

ఆ తర్వాత కుదురుగా కోళ్లు పెంచడం నాకు నేర్పింది సగం పశువైద్యశాల డాక్టరుగారు, సగం మా పక్కింటి పిన్నిగారు. వీళ్లిద్దరి మాటలూ చాలాచోట్ల కలవవు. పిన్నిగారి మూలసూత్రం ఒకటే: "కోడికేముందే, నాలుగు గింజలు చల్లితే దాని పాటికది బతుకుతుంది." నేను విన్న అపోహల్లో సగానికి పైగా ఈ ఒక్క మాటకు పుట్టిన పిల్లలే.

అపోహ: కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రంగా ఉన్నదాంట్లో పెట్ట

పిన్నిగారు పొదగేసే ముందు గుడ్లను ఇలాగే ఏరేవారు. సగంసార్లు ఆవిడ చెప్పిందే జరిగేది. నాణెం ఎగరేసినా అంతే జరుగుతుంది. గుడ్డు ఆకారం పెట్ట గర్భకోశాన్ని బట్టి, దాని వయసును బట్టి ఉంటుంది. లోపలి పిల్ల ఆడో మగో దాంతో సంబంధం లేదు. మనుషుల్లో దీన్ని తేల్చేది తండ్రి కణమైతే కోళ్లలో తల్లి కణం. పుంజుకు రెండూ జెడ్ క్రోమోజోములే, పెట్టకు ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యూ. పచ్చసొన అండాశయాన్ని వదిలే వేళకే ఆడామగా తేలిపోతుంది, గుల్ల కట్టేది ఆ తర్వాత. దారానికి ఉంగరం కట్టి పిల్ల మీద ఊపడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తిచూడడం కూడా ఇదే కోవ. ఒకరోజు పిల్లను వెనక భాగం చూసి పోల్చే విద్యను జపాన్ నిపుణులు పైకి తెచ్చారు. అది కంటికీ వేలికీ ఏళ్ల తరబడి సాధన ఉంటే తప్ప అబ్బదు.

కొనేటప్పుడు మనం చూడగలిగినవి వేరే ఉన్నాయి. బొడ్డు ఆరిపోయి మూసుకుని ఉండాలి. కళ్లు మెరుస్తుండాలి. వెనక రెట్ట అంటుకుని ఉండకూడదు. వెల్లకిలా పెడితే ఠక్కున లేచి నిలబడాలి. కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఒకటే: ఒకరోజు పిల్లల జోలికి పోకుండా, కాస్త ధర ఎక్కువైనా టీకాలు పడిన నాలుగు వారాల పిల్లల్ని తెచ్చుకోండి.

అపోహ: వనరాజా గుడ్లను పొదగేస్తే మళ్లీ వనరాజాలే

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలు వనరాజా, గ్రామప్రియ. వనరాజా గుడ్డుకూ మాంసానికీ పనికొస్తుంది, గ్రామప్రియ ప్రధానంగా గుడ్లకు. మన నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెడితే వనరాజా పెరట్లో తిరుగుతూ దాదాపు అంతకు రెట్టింపు పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ. ఇవి వేర్వేరు వంశాలను కలిపి తీసిన సంకరాలు. వాటి గుడ్లను పొదిగించి మరో తరం తీస్తే ఆ పటుత్వం చెదురుతుంది. హైబ్రిడ్ విత్తనం దాచి మళ్లీ చల్లిన రైతుకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా ఎక్కువ గుడ్లు పెట్టే ఈ రకాలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. పొదిగి, పిల్లల్ని రెక్కల కింద దాచి, గద్ద నీడ పడితే అరిచి హెచ్చరించే తల్లి కావాలంటే నాటు పెట్ట ఉండాల్సిందే. అందుకే నా పెరట్లో రెండు రకాలూ ఉంటాయి.

అపోహ: బల్బు వేలాడదీస్తే పిల్లలకు వెచ్చదనం

ఏ బల్బు? మా బంధువొకరు పాతిక పిల్లలకు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు వేలాడదీసి, పొద్దున్నే వచ్చి చూస్తే పిల్లలన్నీ ఒక మూల కుప్పపడి ఉన్నాయి. అడుగున పడ్డవి ఊపిరాడక పోయాయి. ఎల్ఈడీ ఇచ్చేది వెలుగు, వేడి కాదు. కావలసింది పాతకాలపు తీగ బల్బు, పిల్లకు రెండు వాట్ల లెక్కన. మొదటి వారం పిల్లల వీపు మట్టాన సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ పైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లలో అసలు బల్బే అక్కర్లేదు.

థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుకడితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే ఉక్క. అంతటా చెదిరి తింటూ తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. కింద వరి ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు దానిపైన కాగితం పరచాలి. లేకపోతే మేత అనుకుని ఊకే తింటాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు.

అపోహ: పిల్లలకు నూకలు చాలు

పిల్ల దాణాలో ఇరవై శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. నూకల్లో ఏడెనిమిది శాతానికి మించవు. నూకల మీదే పెరిగిన పిల్ల చావదు. ఈకలు సరిగా రాక, ఎదుగుదల ఆగిపోయి, జబ్బు తగిలితే మొదట పడిపోతుంది.

ఇక్కడ మాత్రం పిన్నిగారికి నమస్కారం పెట్టాలి. ఆవిడ పాత కుండలో ఎండుపేడ, చితికిన గడ్డి కూరి, నీళ్లు చిలకరించి, పుట్ట ఉన్నచోట సాయంత్రం బోర్లించేవారు. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. పిల్లల ముందు దులిపితే క్షణాల్లో ఖాళీ. మాంసకృత్తుల శాతాలు ఆవిడకు తెలియవు, చెదలు తిన్న పిల్ల ఎలా ఎదుగుతుందో తెలుసు.

అపోహ: పులిసిన గింజ వేస్తే మేత ఖర్చు సగం

ఈ మధ్య ఎవరి పెరట్లో చూసినా మూతపెట్టిన బకెట్టు. నానబెట్టి పులియబెట్టిన గింజ వేస్తే కోడి సగమే తింటుందని, రెట్టింపు గుడ్లు పెడుతుందని, జబ్బే రాదని చెప్పుకుంటున్నారు. ఇది కొత్త విద్యేమీ కాదు. తరవాణి కుండ ఉన్న ప్రతి ఇంట్లో మిగిలిన పులిసిన మెతుకులు కోళ్లకే పోయేవి.

ముందు నిజం ఉన్నంతమేర చెబుతాను. జొన్నలు, సజ్జలు, నూకలు నీళ్లలో రెండు రోజులుంటే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇడ్లీపిండి పులియడంలో పాలుపంచుకునేదీ ఆ జాతే. పులుపు పెరిగేకొద్దీ చెడు క్రిములకు చోటు తగ్గుతుంది. గింజల్లో ఫైటిక్ ఆమ్లం బిగించి ఉంచిన ఫాస్ఫరస్ కొంత విడుదలై కోడి ఒంటికి పడుతుంది. తడి మేత కాబట్టి దుమ్ముగా రాలి వృథా కాదు. డెన్మార్క్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో పులిసిన దాణా తిన్న పెట్టల గుడ్లు కాస్త బరువు తూగాయి, గుల్ల గట్టిపడింది. గుడ్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. గమనించండి, అక్కడ పులియబెట్టింది అన్నీ కలిసిన లేయర్ దాణాను, ఉత్త జొన్నల్ని కాదు.

ఇక సగం ఖర్చు లెక్క. కిలో గింజ నానితే కిలోన్నర దాటి తూగుతుంది. పెరిగిందంతా నీళ్లే. దోసిలి నిండుగా కనిపించినా లోపలి సత్తువ పొడి గింజల్లో ఉన్నంతే. ఉబ్బిన గింజను చూసి మేత తగ్గిస్తే గుడ్లు తగ్గుతాయి.

పులియబెట్టడం చాలా తేలిక. గాజు సీసా, మట్టికుండ, మంచి ప్లాస్టిక్ బకెట్టు ఏదైనా సరే. జింకు పూత ఇనుప బకెట్టు మాత్రం వద్దు, పులుపుకు జింకు కరిగి మేతలో చేరుతుంది. గింజ మీద రెండంగుళాలు నీళ్లు నిలవాలి. మున్సిపాలిటీ నీళ్లైతే క్లోరిన్ పోయేలా రాత్రంతా తెరిచి ఉంచాలి. మూత బిగించకుండా గుడ్డ కప్పి, రోజుకు రెండుసార్లు కలపాలి. మన వేసవిలో ఒకటిన్నర రోజు చాలు, శీతాకాలంలో మూడు రోజులు పట్టొచ్చు. కమ్మటి పుల్లవాసన వస్తే సిద్ధమైనట్టు. సారావాసన వస్తే మితిమీరినట్టు. ఉప్పు వేయకూడదు, ఎక్కువైతే కోడి తట్టుకోలేదు. చద్దన్నం పెట్టినా ఊరగాయ కలిసింది పెట్టొద్దు. గంటలో తినేంతే వడగట్టి వేసి, మిగిలింది తీసేయాలి.

అన్నిటికంటే ప్రమాదమైన పొరపాటు ఇంకొకటుంది: "ఎలాగూ పులియబెడుతున్నాం కదా, బూజు పట్టిన గింజైనా ఫరవాలేదు" అనుకోవడం. పులియడం వేరు, బూజు పట్టడం వేరు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు వరసగా చచ్చిపోతే కారణం వెతికారు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలోని బూజు విషం అది. అఫ్లాటాక్సిన్ అన్న పేరు అప్పుడే పుట్టింది. అది కాలేయాన్ని తినేస్తుంది. నానబెట్టినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. నీళ్ల మీద పల్చగా తెల్లటి పొర కడితే తీసేసి వాడుకోవచ్చు. పచ్చగానో నల్లగానో నూగు కనిపిస్తే బకెట్టు మొత్తం గోతిలో పూడ్చాలి. వానకు తడిసి ముక్కిన మొక్కజొన్న చవగ్గా దొరికిందని సంబరపడేవారికి ఇది గట్టిగా చెబుతున్నాను.

అపోహ: రాగులు వేస్తే గుల్ల గట్టిపడుతుంది

లెక్క చూద్దాం. ఒక గుడ్డు గుల్లలో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, అంటే రెండు వేల మిల్లీగ్రాములు. పెట్ట రోజుకు తినేది వంద గ్రాములకు కాస్త అటూఇటూ. వంద గ్రాముల జొన్నల్లో కాల్షియం ముప్పై మిల్లీగ్రాములకు మించదు. కాల్షియానికి పేరుమోసిన రాగుల్లోనూ మూడున్నర వందలే. మిగతాది ఎక్కణ్ణించి? పెట్ట ఎముకల్లోంచి. అది అరిగితే తోలుగుడ్లు, ఆ తర్వాత కుంటి కాళ్లు. నత్తగుల్లల పొడో, ఆల్చిప్పల పొడో విడిగా ఒక చిప్పలో ఉంచండి, కావలసినంత అదే తింటుంది. గుడ్డుపెంకులు పెడితే కోడి తన గుడ్డే పొడుచుకు తింటుందని భయపడతారు. ఎండబెట్టి మెత్తగా నలిపితే పెంకని పోల్చుకోలేదు. గులకలు మాత్రం దీనికి బదులు కావు, అవి కందనకాయలో గింజ నూరడానికి.

చిన్నా చితకా

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లు పొదగవు, అంతే. ఎర్ర గుడ్డుకు బలం ఎక్కువనడం తప్పు, గుల్ల రంగు జాతిది. సొన పసుపు మొక్కజొన్నదీ ఆకుకూరదీ, రెండు రెమ్మలు మునగాకు వేసి చూడండి. బ్రాయిలర్లకు హార్మోన్ ఇంజక్షన్లు చేస్తారన్నది కూడా ఉత్త మాటే, ఆ వేగం దశాబ్దాల జాతి ఎంపికదీ దాణాదీ. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని పొదుగుగంపలో ఇనుపముక్క పెడతారు. పెట్టుకోండి, నష్టమేమీ లేదు.

నష్టం ఉన్నది వేరొకటి: పొదుగు మాన్పించడానికి పెట్ట ముక్కులో ఈక గుచ్చడం. అది చిత్రహింస. పొదుగు నిలిచేది రొమ్ము కింది వెచ్చదనంతో. కింద గాలి ఆడే వలగూట్లో మేతా నీళ్లూ పెట్టి నాలుగు రోజులు ఉంచితే అదే మానుకుంటుంది.

అపోహ: నాటుకోడికి జబ్బులు రావు, టీకా అక్కర్లేదు

మూడేళ్ల కిందట మాఘమాసంలో పిన్నిగారి గంపలు వారంలో ఖాళీ అయ్యాయి. ఆకుపచ్చ రెట్ట, గురగుర ఊపిరి, మెడ వంకర. కొక్కెర తెగులు. 1920లలో మన దేశంలో దీన్ని గుర్తించిన కొండల ఊరి పేరు మీద రాణిఖేత్ అని కూడా అంటారు. అది వైరస్. మాత్రలు నూరి పోసినా, పసుపు వెల్లుల్లి మింగించినా తగ్గదు. నాటుకోడికి కొన్నిటి మీద ఓర్పు ఉన్నమాట నిజమే కానీ దీని ముందు ఏ జాతైనా ఒకటే. చచ్చేలోపు అమ్ముకుందామని సంతకు తోలితే పక్క ఊరికీ పాకుతుంది. 2025 మొదట్లో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా. మూకుమ్మడిగా కోళ్లు పడిపోతుంటే కోసుకోకుండా, తాకకుండా పశువైద్యశాలకు కబురు చేయడమే పని.

కొక్కెరకు మందు లేదు, టీకా ఉంది. మొదటి వారంలో కంట్లో చుక్క, నాలుగో వారంలో మరోసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య రెక్క కింద ఇంజక్షన్. చిక్కల్లా సీసా దగ్గరే. ఒక్కో సీసాలో వందకు పైగా డోసులుంటాయి, చల్లగా ఉంచాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి అది గిట్టదు, అందుకే ఎవరూ వేయించరు. ఆ మాఘం తర్వాత మా వీధిలో పద్నాలుగు ఇళ్లవాళ్లం ఒకే ఉదయం, కోళ్లు గంపల్లోంచి బయటికి రాకముందే టీకా వేయించుకుంటున్నాం. ఐస్ డబ్బా తెచ్చే పూచీ పిన్నిగారిది. మీ వీధిలో ఎన్ని కోళ్లున్నాయో ఈ ఆదివారం లెక్కపెట్టండి, సోమవారం పశువైద్యశాలకు వెళ్లి తేదీ అడగండి.