ఐసీఎఫ్ గోడలా, మిద్దె కప్పా? సౌకార్‌పేట ఇళ్లకు ఏది ముందు

సౌకార్‌పేటలో మన పెద్దల కాలపు ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకుంటున్నాం. టేకు దూలాలపై ఇటుకలు నిలబెట్టి, సున్నపు కాంక్రీటు దట్టించిన మద్రాస్ టెర్రస్ ఎండవేడిని తొందరగా లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పటి పల్చటి స్లాబు ఒక్కటే అయితే ఆ పని చేయదు.

వేడిని ఆపే పద్ధతుల్లో ఐసీఎఫ్ ఒకటి. బోలుగా ఉండే థర్మోకోల్ దిమ్మెలు పేర్చి, లోపల కమ్మీలు కట్టి కాంక్రీటు పోస్తారు. దిమ్మెలు గోడలోనే ఉండిపోతాయి. 6 అంగుళాల కాంక్రీటుకు రెండువైపులా 2.5 అంగుళాల చొప్పున థర్మోకోల్ ఉంటే గోడ మందం 11 అంగుళాలవుతుంది. మన ఇరుకు స్థలాల్లో అది భారమే. పైగా పొరుగిల్లు ఆనుకుని ఉన్న పక్కగోడకు ఎండే తగలదు.

కాబట్టి మేము చెప్పేది: ముందు మిద్దెపై ఇన్సులేషన్ పలకలు, వాటిమీద తెల్ల టైల్స్ వేయించుకుందాం. ఎండ తగిలే వీధిగోడ సంగతి తర్వాత. ఏసీ ఎంతది కావాలో ఆపైన చూసుకోవచ్చు.