అప్పు తీసేస్తే ఏమవుతుంది?

లెక్కల్లోని ధనం, ఋణం అన్న మాటలు ఆస్తి, అప్పుల నుంచి వచ్చినవే. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సూత్రాలు చెప్పింది ఈ మాటలతోనే. సేద్యగాళ్ల పిల్లలకు ఇవి కొత్త గాదు!

రెండప్పులు కలిస్తే అప్పే పెరుగుతుంది: −0.75, −0.5 కలిపితే −1.25. చిక్కంతా తీసివేతలోనే.

నిరుడు గద్వాల దగ్గర మా ఊళ్లో నాయన 12.5 క్వింటాళ్ల వేరుశనగ అమ్మిండు. తరుగు 0.75. బిందువు కింద బిందువు వచ్చేటట్లు 12.5ను 12.50గా రాసి తీస్తే 11.75. తర్వాత తరుగు తప్పని ఒప్పుకున్న గుమాస్తా, దాన్ని ‘తీసేస్తున్నా’నంటూ మళ్లీ 0.75 తగ్గించి 11.00 వేసిండు! ఋణాన్ని తీసేయడమంటే కలపడమే గదా: 11.75 − (−0.75) = 12.50. తేడా ఒకటిన్నర క్వింటాళ్లు.

నేను కాగితం మీద సూత్రం రాసేలోపే నాయన అన్నాడు: “అప్పు కొట్టేస్తే చేతికి రావాలె గదరా, ఇంకా పోతదా?”