డెల్ఫ్ట్ పళ్లెం, నిజాంపట్నం బట్ట

చీరాల దిగువన మోటుపల్లి తవ్వకాల్లో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. 1244లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. హాలెండు జనం చైనా గిన్నెల్ని రాశులుగా చూసింది ఆ శాసనం తర్వాత మూడున్నర శతాబ్దాలకు. 1603లో సింగపూర్ దగ్గర డచ్చివాళ్లు పట్టుకున్న పోర్చుగీసు ఓడ సాంటా కాటరీనాలోని సరుకును మరుసటేడు ఆంస్టర్‌డాంలో వేలం వేస్తే, కొనేవాళ్లు ఎగబడ్డారు.

ఆ రోజుల్లోనే డచ్చి కంపెనీ మన నిజాంపట్నంలో కోఠీ పెట్టింది. వాళ్ల కాగితాల్లో దాని పేరు పెటపోలి. వచ్చింది నూలుబట్ట కోసం. లవంగం, జాపత్రి పండే దీవుల్లో మన బట్టకున్న గిరాకీ మరి దేనికీ లేదు. అదే కంపెనీ ఓడలు చైనా పింగాణీని యూరపుకు మోశాయి.

1644లో మింగ్ రాజ్యం కూలాక చైనా సరుకు తగ్గిపోయింది. హాలెండులోని డెల్ఫ్ట్ ఊళ్లో మూతపడ్డ బీరు బట్టీల్లోకి కుమ్మరులు చేరి అనుకరణను ముమ్మరం చేశారు. పింగాణీకి కావలసిన తెల్లమట్టి గానీ, దాన్ని సుమారు 1300 డిగ్రీల్లో కాల్చే కిటుకు గానీ వాళ్లకు లేవు. అందుకని మామూలు మట్టి పళ్లేన్నే ఒకసారి కాల్చి, సీసపు గాజుపూతలో తగరం ఆక్సైడు కలిపి ముంచారు. ఆ తగరం రేణువులు గాజులో పూర్తిగా కరగవు. వెలుతురును నలువైపులా చెదరగొడతాయి. లోపలి మట్టిరంగు కనపడదు, పళ్లెం పాలతెలుపుగా ఉంటుంది.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి పని. సూదితో బెజ్జాలు పొడిచిన కాగితాన్ని ఆరిన పూత మీద పరిచి బొగ్గుపొడి అద్దుతారు. చుక్కల బొమ్మ దిగుతుంది. దాని వెంట కుంచెతో కోబాల్ట్ రంగు గీయాలి. ఆరిన పూత తడిని చటుక్కున పీల్చేస్తుంది కాబట్టి గీత తప్పితే దిద్దుకోవడం కుదరదు. పైగా గీసేటప్పుడు ఆ రంగు నల్లగా ఉంటుంది. రెండోసారి బట్టీలో గాజుతో కలిసి కరిగాకే నీలమవుతుంది.

ఆనాడు మన తీరంలో కలంకారీ వేసేవాళ్లూ బొగ్గుపొడితోనే, బెజ్జాల కాగితంతోనే నమూనా దించేవారు. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టిన బట్ట మీద పటిక నీళ్లతో గీసిన గీత దాదాపు కంటికి ఆనదు. చిరువేరు కషాయంలో ఉడికించాక పటిక ఉన్నచోటే ఎర్రబడుతుంది. పెటపోలి చిరువేరు ఎరుపుకు అప్పట్లో ఎంతో పేరు. ఒకరిది నిప్పు, ఒకరిది మరిగే నీరు. పని ముగిసేదాకా కనపడని రంగును మనసులో ఉంచుకుని గీయడం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ నేర్పును కేవలం అనుకరణ అని తీసిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

డెల్ఫ్ట్ పళ్లేనికి అంచే శత్రువు. కాస్త తగిలితే పూత పెచ్చు లేచి మట్టి బయటపడేది. 1710లో జర్మనీలోని మైసెన్‌లో అసలు పింగాణీ తయారీ మొదలైంది. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండు నుంచి గట్టి మీగడరంగు పాత్రలు చవగ్గా వచ్చిపడ్డాయి. డెల్ఫ్ట్ బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ పాతవాటిలో 1653లో పుట్టిన ఒక్క కార్ఖానా నేటికీ నడుస్తోంది. మన అద్దకం బట్టకూ డచ్చివాళ్లు నకలు తీశారు: 1678లో ఆమెర్స్‌ఫోర్ట్‌లో వాళ్ల మొదటి అద్దకపు కార్ఖానా వెలిసింది.