గడప దాటే వేళ

పసిబిడ్డ ఎదుగుదలను పిండివంటలతో లెక్కించే ఆచారం ఒకటి మన ఇండ్లలో ఉన్నది. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగు వేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఊరికొక తీరున ఈ వరుస కొంత మారవచ్చునుగాని, ఏ ఊళ్లోనైనా బిడ్డ చేసిన ఘనకార్యానికీ వండే వంటకానికీ మొదటి అక్షరం కలవవలసిందే. పద్యానికి యతి కుదిర్చినట్లు మన అమ్మమ్మలు బాల్యానికి యతి కుదిర్చినారు. తెలుగు చెప్పి బ్రతికేవాణ్ణి గనుక ఆ సంగతి నన్ను ఆకర్షించడంలో వింత లేదు. అయితే ఆ వేడుకలలో ప్రతిదీ ఇంటికి ఒక హెచ్చరిక కూడా. బిడ్డ బోర్లాపడినాడంటే మంచం మీద ఒంటరిగా పడుకోబెట్టే కాలం ఆనాటితో తీరిపోయినదన్నమాట. గడప దాటినాడంటే నుయ్యి, వీధి, పశువులపాక అతనికి అందుబాటులోకి వచ్చినవన్నమాట. గారెలు పంచిపెట్టడం మరువము. నూతికి మూత వేసినామా అన్నదే ప్రశ్న.

ఈ విషయంలో భాగవత దశమ స్కంధం చదివినవారికి కొత్తగా చెప్పవలసినది అంతగా లేదు. భక్తి సంగతి భక్తులెరుగుదురు. గృహస్థు కంటితో చదివితే మాత్రం అది ఇంటి ప్రమాదాల పట్టికవలె కనిపిస్తుంది. శిశువు ఒత్తిగిలిన పండుగ నాడే బండి కింద పడుకోబెట్టినారు. తల్లి వచ్చినవారికి మర్యాదలు చేయడంలో మునిగి ఉన్నది. బండి బోల్తాపడినది. చుట్టాలు ఇంటినిండా ఉన్న వేళ పిల్లవానిని చూసేవారెవరూ ఉండరన్న సత్యం ఎంతటి పాతదో చూడండి! తరువాత మన్ను తిన్నాడు. ఆ తరువాత రోలు బోర్లించి, దానిమీదికెక్కి, ఉట్టి అందుకున్నాడు. తల్లి పట్టుకొని ఆ రోటికే కట్టబోతే, ఎంత తాడు తెచ్చినా రెండు వ్రేళ్ల కొలత తక్కువైనది. ఎట్టకేలకు కట్టితే, కదలదనుకున్న రోటిని ఈడ్చుకొనిపోయి రెండు మద్దిచెట్లను కూల్చినాడు. బీరువా సొరుగులు లాగి, వాటినే మెట్లుగా చేసుకొని ఎక్కి, బీరువాను తనమీదికి తెచ్చుకొనే రెండేళ్లవాని కథకూ దీనికీ ఏమంత దూరం ఉన్నది? ఆ పిల్లవాడు దేవుడు గనుక బ్రతికినాడు. మన పిల్లలకు ఆ సదుపాయం లేదు. బరువైన బీరువాను, టీవీ బల్లను గోడకు మేకుతో బిగించవలె.

మా కామవరపుకోట మెట్ట ప్రాంతం. అక్కడి పాత పెంకుటిండ్లను, తాటాకిండ్లను తలచుకుంటే ఒక విచిత్రం తోస్తుంది. వెన్న పైన ఉండేది, నిప్పు కింద ఉండేది. పిల్లి నుంచీ చీమ నుంచీ కాపాడటానికి పాలు, పెరుగు ఉట్టిమీదికి చేరినవి; ఊరగాయ జాడీలు అటకెక్కినవి. పొయ్యి మాత్రం నేలమీద. కుంపటి నేలమీద. కత్తిపీట గోడకానించి నేలమీద. కిరసనాయిలు సీసా మూలన, అదీ నేలమీదనే. పాకే బిడ్డకు చేయి చాపితే అందే ఎత్తులో ఇంట్లోని ప్రమాదమంతా కొలువు తీరి ఉండేది. (సమీపంలోని గుంటుపల్లి గుహలలో రెండువేల ఏండ్ల క్రిందట నివసించిన బౌద్ధ భిక్షువులకు ఈ బెడద ఉండి ఉండదు. సంసారం లేని ఇంటికి గొళ్లెంతో పని ఏమి?)

మరి ఆ ఇండ్లలో పిల్లలు ఎట్లా పెరిగినారు? చూసే కళ్లు ఎక్కువ కావడం వల్ల. అరుగుమీద తాతగారు, పెరట్లో మేనత్త, వసారాలో పప్పు చెరుగుతూ బామ్మ. బిడ్డ కాలికి కట్టిన మువ్వలు ముద్దుకోసమే అనుకుంటాము. అవి మ్రోగుతున్నంతసేపు ఫరవాలేదు. ఆగిపోతే లేచి చూడవలె. గుమ్మానికి మోకాలెత్తున తడిక అడ్డం పెట్టేవారు. అంతకంటె చవుక అయిన రక్షణ నేటికీ ఎవరూ కనిపెట్టలేదు. అంతమాత్రాన పాతకాలపు ఇంటిని నెత్తికెత్తుకోనక్కరలేదు. నిప్పు, నుయ్యి, కిరసనాయిలు మన పల్లెలలో ఎందరు పసివారిని మింగినవో పెద్దలకు తెలుసు. తెలిసి, విధి అన్నారు. ఆ మాటతోనే నాకు పేచీ.

నేడు ఇల్లు తలక్రిందులైనది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకంతోను, 2016 నుంచి ఉజ్వల పథకంతోను గ్యాసు పల్లెపల్లెకూ చేరి, పొయ్యి గట్టెక్కినది. ఇది చిన్న మేలు కాదు. అయితే నిప్పును పైకెక్కించి, దాని స్థానంలో మరికొన్నిటిని క్రిందికి దింపినాము. వంటగట్టు క్రింది అరలో ఫినాయిలు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్. గోడకు జానెడెత్తున ప్లగ్గు. స్నానాలగదిలో నీళ్ల బకెట్టు, చలికాలం అందులో వేలాడే కరెంటు హీటరు కడ్డీ. పసివాని శరీరంలో తల భాగమే బరువు. బకెట్టులోకి తొంగిచూసి తలక్రిందులైతే తిరిగి లేవలేడు. జానెడు నీళ్లు చాలును. కేక కూడా వినిపించదు. పని కాగానే బకెట్టు బోర్లించడం ఒక్కటే దీనికి మందు. ప్లగ్గులకు లోపల మూత ఉన్న రకాలు వచ్చినవి. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటును ఆపివేసే పరికరం పెట్టించుకొనడం ఇంకా మేలు. గడియారాలలో, బొమ్మలలో వేసే బిళ్లబ్యాటరీ మింగితే రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలదు. మలంలో పోతుందిలే అని ఎదురుచూడరాదు. 108కి చెప్పి వెంటనే పెద్దాసుపత్రికి పోవలె.

పల్లెటూరి ఇంటికి ఒక ప్రత్యేకమైన ముప్పు ఉన్నది. పొగాకు, మొక్కజొన్న, పామాయిలు తోటలకు కొట్టే మందులు ఎరువుల కొట్టునుంచి వచ్చి, మిగిలినవి ఇంట్లోనే ఒక మూల చేరుతవి. చుట్టుపక్కలవారికి కొంచెం పంచి ఇవ్వవలసివస్తే చల్లని పానీయాల ఖాళీసీసాలో పోసి ఇస్తారు. నాలుగేళ్లవానికి అక్షరాలు రావు. సీసా రూపం మాత్రం బాగా తెలుసు. కిరసనాయిలైనా అంతే. అది త్రాగిన బిడ్డ చేత వాంతి చేయించబోవడం మరొక ప్రమాదం. వాంతి అయ్యేటప్పుడు అది ఊపిరితిత్తులలోకి దిగుతుంది. కెనడాలో హెన్రీ బ్రో అనే పిల్లల వైద్యుడు, మందులు మింగి వచ్చే పసివారిని చూచి చూచి వేసారి, అరచేతితో నొక్కి త్రిప్పితేనే వచ్చే మూతను 1967లో వాడుకలోకి తెప్పించినాడు. మూడేళ్ల చేతికి నొక్కడము వచ్చును, త్రిప్పడమూ వచ్చును. రెండూ ఒక్కసారిగా చేయడం రాదు. మూతలో ఉన్న కిటుకంతా అదే. పురుగుమందును ఆ మూత ఉన్న సీసాలోనుంచి తీసి వేరొక సీసాలో పోసినప్పుడు ఆ వైద్యుడు చేసిన మేలును మనం పారబోసినట్లే.

మెట్టలో మరొకటి, బోరు. నీరు పడలేదని వదలివేసిన గొట్టపుబావి నోరు ఇంటి వెనుకనో పొలంగట్టుననో తెరుచుకొని ఉంటుంది. బోరు తవ్వేముందు 15 రోజులకు ముందుగా అధికారులకు తెలియజేయాలనీ, చుట్టూ ముళ్లకంచె వేయాలనీ, నోటికి ఉక్కుమూత బిగించాలనీ, వదలివేసినదానిని అడుగునుంచి నేలమట్టం దాకా పూడ్చాలనీ సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. ఆదేశం ఉన్నది. తరువాతా పిల్లలు పడుతూనే ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నాకు ఓర్పు లేదు. నాలుగు తట్టల మట్టి పోయనివాడు లోపల పడిన బిడ్డకోసం ఊరంతా రాత్రంతా మేలుకొంటుంటే ఏ ముఖంతో నిలబడతాడు?

మెట్ట దిగి తాడేపల్లిగూడెం వైపు పోతే ఏలూరు కాలువ, ఇంకా క్రిందికి కొల్లేటి దాపున చేపల చెరువుల గట్లమీదనే ఇండ్లు. అక్కడ గడప దాటడమంటే నీటికి చేరువ కావడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించినారు. వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేండ్లలోపు పసివారు. మనవలెనే నీటినడుమ బ్రతికే బంగ్లాదేశ్ పల్లెలలో ఈ మరణాలు ఏ వేళ జరుగుతున్నవో పరిశీలించినారు. తల్లి వంటపనిలో, తండ్రి పొలంలో ఉండే పూట! అందుకని ఊళ్లోనే ఒక ఇంట ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఏడాది నుంచి అయిదేండ్లలోపు పిల్లలను ఒక స్త్రీ కనిపెట్టి చూసే ఏర్పాటు చేసినారు. ఆ పిల్లలలో నీటిమరణాలు బాగా తగ్గినవి. అరుగుమీది తాతగారినీ వసారాలోని బామ్మనూ ఊరు తిరిగి నియమించుకున్నదని నేను దీనికి అర్థం చెప్పుకుంటాను.

ఇల్లు దిద్దుకొనడంలో కాలజ్ఞానం ముఖ్యం. బిడ్డకంటె ఒక నెల ముందుండవలె. పాకకముందే మోకాళ్లమీద వంగి, బిడ్డ కంటి ఎత్తునుంచి ఇల్లంతా ఒకసారి చూడండి. మంచం క్రింద దొరికే పిన్నీసు, చింతగింజ, నేలదాకా వ్రేలాడే బల్లగుడ్డ అంచు అప్పుడే కనబడతవి. నడవకముందే మెట్లకు అడ్డు, డాబాకు పిట్టగోడ. కటకటాలైతే నిలువు కమ్మీలే ఉండవలె, సందు నాలుగు అంగుళాలు మించరాదు. అడ్డకమ్మీలు పిల్లలకు నిచ్చెనవంటివి. రంగు వేయిస్తే, పిల్లలు కమ్మీలు కొరుకుతారని గుర్తుంచుకోవలె. ఇండ్లకు వేసే రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 మించరాదన్న నిబంధన 2017 నవంబరునుంచి అమలులో ఉన్నది గనుక, పాతడబ్బా అటకమీద ఉంటే వాడవద్దు. మూడేండ్లు రాకముందే తలుపు పైగడియ. స్టూలు లాగి దానినీ అందుకునే రోజు వస్తుంది. యశోద తాడుకు తక్కువైన ఆ రెండు వ్రేళ్లు ఏ గడియకైనా తప్పవు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. మన పల్లెలలో చెల్లెలిని చంకనెత్తుకొని తిరిగేది నాలుగో తరగతి అక్కయ్యే. వ్యాసరచనకు “వసంత ఋతువు” ఇచ్చేచోట, “మా ఇంట్లో చెల్లికి అందేవి” అన్న విషయం ఒకసారి ఇచ్చి చూడండి. వాక్యాలు తడబడవచ్చును. కాని ఆ సాయంత్రమే కొన్ని సీసాలు పై అర ఎక్కుతవి.

వేసిన గడియను ఎప్పుడు తీయాలన్నది దీనిలో రెండవ సగం. దానిని మనవాళ్లు తరచు మరచిపోతారు. పదేండ్ల పిల్ల పొయ్యి వెలిగించడం, గ్యాసు కట్టడం, వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా కిటికీ తెరవడం నేర్వవలె. కత్తి పట్టుకొనడం పక్కన నిలబడి నేర్పవలసిన విద్య. దాచినంతకాలం కత్తి ఆ పిల్లకు కొత్తదిగానే ఉంటుంది. ఆరేండ్లు దాటిన పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. కాలువ ఊళ్లలో ఇది తెలియనిదేమీ కాదు. వేసవిలో పెద్దవాడొకడు నడుములోతు నీళ్లలో నిలబడి, పిల్లవాని వీపున బెండ్లు కట్టి దింపేవాడు. కాళ్లూ చేతులూ ఆడించడం కుదిరినకొద్దీ ఒక్కొక్క బెండే విప్పేవాడు. చివరి బెండు విప్పిననాడు గట్టుమీద కూర్చున్న తల్లికి ఆ సంగతి చెప్పేవాడు కాడు.