కళ్ళజోడు జారిపోతున్నదా?

పిల్లలూ! మీ తరగతిలో కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళను కాసేపు గమనించి చూడండి. ఒకడు లెక్క చేస్తూ మాటిమాటికీ వేలితో దాన్ని పైకి నెట్టుకుంటాడు. ఒకమ్మాయి చెవి వెనక రుద్దుకుంటూ ఉంటుంది. మరొకడు దాన్ని తీసి సంచీలో పడేసి, బోర్డు మీది అక్షరాలు కనపడక పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటాడు. ఇంట్లో అడిగితే, "ఈ అద్దాలు నాకు పడలేదు," అంటాడు. చాలాసార్లు తప్పు అద్దాలది కాదు, అవి ముఖం మీద కూచున్న తీరుది.

ప్రతి అద్దానికీ ఒక నడిమి బిందువు ఉంటుంది. అది కంటిపాపకు ఎదురుగా ఉండాలి. కంటికీ అద్దానికీ మధ్య సుమారు 12 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. దూరపు వస్తువులు కనపడనివాళ్ళకు ఇచ్చే అద్దం ముక్కు కొసకు జారితే దాని బలం తగ్గినట్టే అవుతుంది. అప్పుడు బోర్డు మసకగా కనిపించడంలో వింత ఏమున్నది?

ఈ జారుడు కొత్తది కాదు. 1286 ప్రాంతంలో ఇటలీలో మొట్టమొదటి కళ్ళజోళ్ళు చేసినప్పుడు వాటికి కాడలే లేవు. వాటిని ముక్కుకు తగిలించుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. చెవుల మీదుగా పోయే కాడలు రావడానికి 400 ఏళ్ళకు పైగా పట్టింది!

ఇప్పుడు మీ కళ్ళజోడు సంగతి చూద్దాం. అమ్మనో నాన్ననో పక్కన కూచోబెట్టుకోండి.

మొదట కాడలు తెరిచి, దాన్ని బల్ల మీద తలకిందులుగా పెట్టండి. రెండు కాడలూ బల్లకు ఆనాలి. ఒకటి పైకి లేచి ఉంటే ఎక్కడో వంకర ఉన్నదన్నమాట. ఆ వంకరను బందు దగ్గర సరిచెయ్యాలి. బందు సులువుగా విరుగుతుంది కనుక ఆ పని దుకాణంవారికే వదలండి.

కాడలు వదులుగా ఊగుతున్నవా? బందులో చిన్న స్క్రూ ఉంటుంది. సన్నని స్క్రూడ్రైవరుతో, గడియారపు ముళ్ళు తిరిగే వైపుకు, అది బిగిసేదాకా తిప్పండి. ఇంకా బలవంతం చెయ్యకండి.

ముక్కు మీద ఆనే చిన్న మెత్తలు లోహపు తీగలకు ఉన్నట్టయితే, రెండింటినీ సమానంగా, రవంత దగ్గరికి జరపండి. కళ్ళజోడు పైకి లేస్తుంది. ఎడం చేస్తే కిందికి దిగుతుంది.

చివరిది చెవి దగ్గరి వంపు. కాడ సరిగ్గా చెవి పైభాగం దగ్గర కిందికి వంగాలి. వంపు చెవి దాటి వెనక ఉంటే జోడు జారుతుంది. చెవికి ముందే ఉంటే చెవిని నొక్కుతుంది. కాడ ప్లాస్టిక్‌ది అయితే పెద్దవాళ్ళు దాని కొసను వేడినీళ్ళలో అరనిమిషం ఉంచి, తుడిచి, మెల్లగా వంచి, చన్నీళ్ళలో ముంచాలి. మరిగే నీళ్ళు పనికిరావు. అద్దాలకు మాత్రం వేడి తగలనివ్వకూడదు. వాటి మీది పూత పాడవుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ వేడికి కూడా లొంగదు. వంగకపోతే అక్కడితో ఆపండి.

ఇక పరీక్ష! కళ్ళజోడు పెట్టుకుని, తల వంచి, నేల మీద పాకే చీమను చూడండి. జోడు కదలకుండా, ఎక్కడా నొక్కకుండా ఉంటే మీరు గెలిచినట్టే. ఇక మీదట దాన్ని రెండు చేతులతో తియ్యండి. ఒంటిచేత్తో లాగితే మళ్ళీ వంకర పోతుంది.

అన్నీ సరిగా ఉన్నా తలనొప్పి వస్తున్నదా? బోర్డు మసకగానే ఉన్నదా? అయితే సంచీలో దాచకండి. ఇంట్లో చెప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీరు పెరుగుతున్నారు, మీతో పాటు మీ కంటి నెంబరూ మారి ఉండవచ్చు.