బాట మీదికి వాలిన కొమ్మ ఎవరిది?

మీ పొలం గట్టున చింతచెట్టు ఉంది. తాతల నాటిది. కొమ్మలు పెరిగి పక్కనున్న డొంక మీదికి వాలాయి. గడ్డి బండి పోవాలంటే కొమ్మ తగులుతోంది. బడి పిల్లలు దాని కిందుగానే నడుస్తున్నారు. 'ఆ కొమ్మ కొట్టెయ్యవయ్యా' అని ఊళ్లోవాళ్లు అంటారు. 'చెట్టు నాది, నా ఇష్టం' అని మీరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. అది ఎంతవరకో తెలుసుకుంటే తగవు స్టేషను మెట్లు ఎక్కదు.

మొదలు ఎక్కడుందో చూడండి

చెట్టు ఎవరిదన్నది మొదలును బట్టి తేలుతుంది, కొమ్మను బట్టి కాదు. మొదలు మీ పట్టా భూమిలో ఉంటే చెట్టు మీదే. బాట మీదికి వాలిన కొమ్మా, దాని కాయా కూడా మీవే. మొదలు డొంక పోరంబోకులో ఉంటే మాత్రం, చెట్టు పట్టా వంటి కాగితం లేనిదే, నీళ్లు పోసి పెంచింది మీరే అయినా అది మీ సొంతం కాదు. గట్లు ఏటా జరుగుతూ ఉంటాయి. కాబట్టి కంటి అంచనాతో వాదనకు దిగవద్దు. ఎఫ్.ఎం.బి. పటం ప్రకారం సర్వేయరుచేత హద్దు కొలిపించుకోండి.

హక్కుతోపాటు బాధ్యత

చెట్టు మీదే అయినా బాట ఊరందరిది. కొమ్మ ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నా, అక్కడే ఉండే హక్కు దానికి పుట్టదు. ఎండిన కొమ్మ విరిగి ఎవరి మీదైనా పడితే నష్టపరిహారం మీ మెడకు చుట్టుకోవచ్చు. 1964లో ఢిల్లీలో స్కూటరు మీద పోతున్న మనిషిపై రోడ్డు పక్కన ఎండిన చెట్టు కొమ్మ పడి ప్రాణం పోయింది. చెట్టు ప్రమాదంగా మారిందని తెలిసి, లేదా తెలుసుకోవలసి ఉండి, ఊరుకోవడం తప్పేనని 1999లో సుప్రీంకోర్టు అక్కడి నగర పాలక సంస్థను బాధ్యురాలిని చేసింది. దారి పక్కన చెట్టున్న రైతుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చెట్టు పడిపోయేలా ఉండి దారిన పోయేవారికి ప్రమాదమైతే ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దాన్ని తొలగించమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టంలో ఇది 152వ సెక్షను. పాత చట్టంలో 133. అభ్యంతరముంటే గడువులోగా హాజరై చెప్పుకునే అవకాశం మీకుంది. నోటీసు వస్తే చూరులో దోపి ఊరుకోకండి.

గొడ్డలి పట్టే ముందు

అలాగని చెట్టునే నరికేయకండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం సొంత పొలంలోని చెట్టు నరకడానికైనా అనుమతి కావాలి. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ వంటివాటికి మినహాయింపు ఉంది. చింత, వేప వంటి చెట్లకు పెద్ద కొమ్మలు కొట్టాలన్నా ముందు అటవీ రేంజి ఆఫీసులో అడిగి, అర్జీ నకలు దగ్గర ఉంచుకోండి.

కరెంటు తీగకు తగిలే కొమ్మను మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కు చెప్పండి. ఇంకో సంగతి. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షను కింద చెట్టు తొలగించమని ఉత్తర్వైతే, తీగ లాగకముందు నుంచీ ఉన్న చెట్టుకు పరిహారం రావాలి. చెట్టు ముందా, తీగ ముందా అన్నదే అక్కడ కీలకం. పాత అడంగల్‌లో చెట్ల వివరం రాసి ఉంటే నకలు తీసి పెట్టుకోండి.

ఇప్పుడేం చేయాలి?

చింతపండు దులిపాక, తొలకరి గాలివానలకు ముందు, బాట వైపు కొమ్మలు ఒకసారి చూసుకోండి. ఎండినవి, పుచ్చినవి, బండికి తగిలేవి గుర్తు పెట్టండి. పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పి, కొట్టే రోజు దారికి అటూ ఇటూ మనిషిని నిలబెట్టండి. ముందు కింది వైపు కొంత కోసి, ఆ తరువాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కోసినచోట బోర్డో పేస్టు పూయండి.

కొట్టిన కట్టె మీ ఇంటికే చేరుతుంది. దారీ సాఫీ అవుతుంది. అదే పని ఊరివాళ్లు కోపంతో చేస్తే చెట్టుకు మొండెమే మిగులుతుంది.