ఫార్మాట్ మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు

ఎక్సెల్ వాడే ఆఫీసుల్లో ఒక చిట్కా ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. బ్యాంకు ఖాతా నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే సెల్‌లో 4.56, దాని పక్కన ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, ప్లస్ 15 అని వస్తే కంగారు పడనక్కర్లేదని, కాలమ్ మొత్తాన్ని సెలెక్ట్ చేసి ఫార్మాట్ సెల్స్‌లో ‘నంబర్’ అని పెట్టి దశాంశ స్థానాలు సున్నా చేస్తే అసలు నంబరు తిరిగి వస్తుందని చెబుతారు. అలా చేస్తే నిజంగానే 16 అంకెలూ తెర మీదికి వస్తాయి. ప్రమాదం అక్కడే ఉంది. పాస్‌బుక్‌లో 4560001500012347 అని ఉంటే, షీట్‌లో తిరిగి వచ్చేది 4560001500012340. చివరి 7 పోయి ఆ స్థానంలో సున్నా వచ్చింది. అంకెల లెక్క సరిగ్గానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఖాతా నంబర్లు 16 అంకెలవే. నెఫ్ట్‌లో సొమ్ము జమయ్యేది ఖాతా నంబరును బట్టే. కాబట్టి ఆ ఒక్క అంకె వల్ల జీతమో స్కాలర్‌షిప్పో వెనక్కి రావచ్చు, ఇంకా ఘోరంగా, మరొకరి ఖాతాలో పడవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆ చిట్కాను ఎవరూ నమ్మరు. సెల్ లోపల దాచిన విలువ వేరు, మనకు కనిపించే రూపం వేరు. ఫార్మాట్ తాకేది ఆ రూపాన్ని మాత్రమే. సంఖ్య అనుకున్న ప్రతిదాన్నీ ఎక్సెల్ 64 బిట్లలో దాస్తుంది, అందులో 15 అంకెల వరకే ఉంచుకుంటుంది, పదహారో అంకె నుంచి సున్నాలు నింపుతుంది. ఈ కోత పడేది ఎంటర్ నొక్కిన క్షణంలోనే. ఆ తర్వాత ఏ ఫార్మాట్ పెట్టినా, లేని అంకెను అది ఎక్కడి నుంచి తెస్తుంది? పాస్‌బుక్ దగ్గరికే వెళ్లి మళ్లీ కొట్టాలి. గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ కూడా సంఖ్యలను ఇదే 64 బిట్ల పద్ధతిలో దాస్తాయి కనుక సాఫ్ట్‌వేర్ మార్చి తప్పించుకోవచ్చని అనుకోవద్దు.

‘ఆధార్ నంబర్లకు ఇదే చిట్కా వాడుతున్నాం, ఒక్కటీ తప్పు పోలేదు’ అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు చెప్పేది నిజమే. ఆధార్‌కు 12 అంకెలే, 15లోపు కాబట్టి లోపల భద్రంగా ఉంటుంది, ఫార్మాట్ మార్చగానే మొత్తం కనిపిస్తుంది. ఈ అపోహ ఇంత బలంగా నాటుకున్నది అందుకే. ఒకచోట పనిచేసిన ఉపాయాన్ని హద్దు చూసుకోకుండా ఇంకోచోటికి మోసుకెళ్లారు. పైగా ఆధార్‌కూ ఆ భద్రత శాశ్వతం కాదు. ఆ కుదించిన రూపం తెర మీద ఉండగా ఫైల్‌ను సీఎస్వీగా సేవ్ చేస్తే, తెర మీద ఉన్నదే ఫైల్‌లోకి వెళ్తుంది. మళ్లీ తెరిస్తే 12 అంకెల్లో మొదటి ఆరు మాత్రమే మిగిలి, తక్కినవి సున్నాలై ఉంటాయి.

‘టెక్స్ట్ అని పెడితే సరిపోతుంది’ అనే మాటలో మాత్రం సగం నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. కొట్టకముందే ఖాళీ కాలమ్‌ను టెక్స్ట్ చేస్తే, లేదా నంబరుకు ముందు కామా లాంటి సింగిల్ కోట్ గుర్తు పెడితే, ఎక్సెల్ దాన్ని సంఖ్యగా చూడదు, ఒక్క అంకె కూడా పోదు, ముందున్న సున్నాలూ నిలుస్తాయి. కొట్టాక టెక్స్ట్ చేస్తే మాత్రం ప్రయోజనం శూన్యం.

తేదీల్లో ఇదే కథ ఇంకో వేషంలో వస్తుంది. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కించిన రోజుల సంఖ్య. మన భూముల సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు దీనికి సులువుగా చిక్కుతాయి. సర్వే నంబరు 12/3 అని 2025లో కొడితే, మన దేశపు సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో అది మార్చి 12 అవుతుంది, అమెరికా సెట్టింగ్‌లో డిసెంబరు 3. మొదటిదాన్ని తర్వాత టెక్స్ట్‌గా మారిస్తే 12/3 రాదు, 45728 వస్తుంది. శాస్త్రవేత్తలకూ ఈ బాధ తప్పలేదు. మార్చ్1, సెప్ట్2 వంటి జన్యువుల పేర్లు తేదీలైపోయి, జన్యు పరిశోధన పత్రాలకు జతచేసిన ఎక్సెల్ జాబితాల్లో సుమారు ఐదో వంతు పత్రాలవి తప్పులతో ఉన్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చారు. కొత్త ఎక్సెల్‌లో ఈ మార్పిడులను ఆపే ఆప్షన్లు వచ్చాయన్నది నిజమే. కానీ అవి మనంతట మనం ఆపితేనే ఆగుతాయి, అదీ ఆ ఒక్క కంప్యూటర్లోనే. 12/3 లాంటి గీత ఉన్న నంబర్లకు వాటి వల్ల రక్షణ లేదు.

సెల్ నిండా హాష్ గుర్తులు వస్తే డేటా పోయిందన్నది ఉత్త భయం, చాలాసార్లు కాలమ్ వెడల్పు పెంచితే చాలు. దశాంశాలు దాచితే సంఖ్య గుండ్రం అయిపోదు. 10.4ను రెండుసార్లు కూడితే తెర మీద 10, 10, మొత్తం 21 అని కనిపించేది అందుకే.

ఇప్పటికే పాడైన జాబితాను పట్టుకోవడం కష్టం కాదు. 16 అంకెల నంబర్లన్నీ వరసగా సున్నాతోనే ముగుస్తుంటే కోత పడినట్టే. సెల్‌లో కుడి అంచుకు అతుక్కుని ఉన్నవి సంఖ్యలు, ఎడమకు ఉన్నవి టెక్స్ట్. ఎవరూ అలైన్‌మెంట్ మార్చకపోతే ఈ గుర్తు నమ్మదగినది. బయటి నుంచి వచ్చిన సీఎస్వీని డబుల్ క్లిక్‌తో తెరవొద్దు. డేటా ట్యాబ్‌లోంచి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ’ ద్వారా తెచ్చి, డేటా రకాన్ని ఊహించవద్దని అక్కడే చెప్పాలి. ఖాతా నంబర్లను టెక్స్ట్‌గా భద్రంగా ఉంచినా డూప్లికేట్లు వెతికేటప్పుడు కౌంట్ఇఫ్ ఫార్ములాను నమ్మొద్దు. అది టెక్స్ట్‌లోని అంకెలనూ సంఖ్యలుగానే పోలుస్తుంది కాబట్టి, చివరి అంకె మాత్రమే తేడా ఉన్న ఇద్దరి ఖాతాలను ఒకటే అని చెబుతుంది. ఆ మాట విని ఒక పేరు తీసేసే ముందు, ఆ రెండు సెల్స్‌ను ఈక్వల్ టు గుర్తుతో నేరుగా పోల్చి చూడండి.